నాలుగు పలకల గాయం

"గురువారం సాయంత్రం ఆ గదిలోకి ఎన్నిసార్లు వెళ్ళావు?" అని అడిగింది షెర్లీ. నిన్న అడిగిన ప్రశ్నే అది. అడుగుతుంటే తన గొంతే తనకు విసుగనిపించింది.

స్టేషన్ గదిలో ధాత్రి చల్లారిపోయిన టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. తండ్రి పోయిన దగ్గర్నుంచి అదే స్వెటర్ వేసుకుని తిరుగుతోంది.

"వన్స్. ఒక్కసారే మేడమ్. వంశీ అంకుల్ ఫోన్ చేశాక. ఐ టోల్డ్ యూ ఆల్రెడీ."

షెర్లీ కాగితం రుమాలుతో ముక్కు తుడుచుకుంది. పదేళ్ళప్పుడు కాకినాడ నుంచి తల్లిదండ్రులతో కెనడా వచ్చింది. ఇప్పుడు విండ్సర్ పోలీసుల్లో డిటెక్టివ్ సార్జెంట్. వారం నుంచి జలుబు వదలడం లేదు, మంచు పడితే కుడి మోకాలు వంగడం లేదు. వాటికన్నా ఎక్కువగా ఆమెను అలసటకు గురిచేస్తున్నది ఈ కేసు. మొదట ప్రమాదం అన్నారు. నిన్న హత్య అన్నారు. సాయంత్రంలోగా ఈ పిల్లను అరెస్టు చేయమని పై అధికారి ఇవాళ పొద్దున చెప్పాడు.

చనిపోయినవాడు పాండురంగ. కార్ల విడిభాగాలకు డైలు, అంటే ఇనుప అచ్చులు, తయారుచేసే వర్క్‌షాప్ ఆయనది. అరవై దాటాక యూరప్‌వాళ్ళ పాతకాలపు ఆయుధాల మీద పిచ్చి పట్టింది. అవన్నీ నాలుగైదు వందల ఏళ్ళ కిందట కాలిబంట్లు భుజాన మోసిన పొడవాటి కర్రల ఆయుధాలు. గొడ్డలి, కొక్కెం, మొన మూడూ ఒకే తలకు ఉండే హాల్బర్డ్‌లు, వెడల్పాటి ఆకులాంటి అలుగు బిగించిన పార్టిజన్లు. వర్క్‌షాప్‌లో ఒక గదిని వాటికోసం ఖాళీ చేయించాడు. గురువారం ఆ గదిలో, స్నేహితుడు వంశీధర్‌తో వీడియో కాల్ మాట్లాడుతూనే కూలిపోయాడు. పక్కన రక్తంలో ఒక పార్టిజన్ పడి ఉంది. ఆయన దాన్ని గోడ మీంచి దించి చూపిస్తూ కాలు మెలిక పడి, వెల్లకిలా దానిమీదే పడ్డాడని వంశీధర్ చెప్పాడు. 911కు ఫోన్ చేసింది కూడా అతనే. అందరూ నమ్మారు.

నిన్న పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు మాత్రం నమ్మలేదు. గాయం వీపులో ఉంది. బొటనవేలంత వెడల్పు, నాలుగు పలకలు, లోతుగా, నేలకు సమాంతరంగా దిగింది. పార్టిజన్ అలుగు అరచేయంత వెడల్పు. దానితో అలాంటి గాయం కాదు.

గది తలుపు కార్డు గీకితేనే తెరుచుకుంటుంది. ఆ సాయంత్రం గీకిన కార్డులు రెండే. ముందు తండ్రిది, ఆయన పడిపోయాక కూతురిది.

"ఈ మధ్య మీ నాన్నగారు ఏమైనా తేడాగా ఉన్నారా?"

ధాత్రి కప్పు బల్లమీద పెట్టింది. "హి వెంట్ క్వైట్. పోయిన వారం హార్డ్‌నెస్ టెస్టర్ ఇంటికి తెచ్చారు. ఇనుము ఎంత గట్టిదో చూసే మెషీన్. గ్యారేజ్‌లో పెట్టి ఆ పెద్ద హాల్బర్డ్‌ని టెస్ట్ చేశారు. చేసి అలా కూర్చుండిపోయారు."

"ఏమన్నారు?"

"'ఎక్కడ పెట్టినా ఒకే రీడింగ్ వస్తోందమ్మా' అన్నారు. సో వాట్, అన్నాను. పాతకాలం ఇనుము అలా ఉండదట. ఒకచోట గట్టిగా, ఇంకోచోట మెత్తగా ఉంటుందట. ఇదేమో లైక్, ట్రక్ స్ప్రింగ్ లాగా ఉందన్నారు."

"ఆ హాల్బర్డ్ ఎవరు తెచ్చిపెట్టారు?"

"అన్నీ వంశీ అంకులే. నాన్నకు ఇదంతా నేర్పిందే ఆయన." ఆమె తల ఎత్తింది. "గురువారం కాల్‌లో అడుగుతానన్నారు నాన్న. అడిగారో లేదో తెలీదు."

షెర్లీ ఆ మాట రాసుకుంది. అడిగినా అడగకపోయినా వంశీధర్ ఆ సమయంలో తన ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని వీడియోలో మాట్లాడుతున్నాడు. మనిషి చేయి ఫోన్‌లోంచి బయటికి రాదు కదా.

"మీరు నన్ను నమ్ముతున్నారా మేడమ్?" అంది ధాత్రి, ఈసారి పూర్తిగా తెలుగులో.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్నకు షెర్లీ ఎవరికీ జవాబు ఇవ్వలేదు. ఇవాళ ఓపిక లేకో ఏమో, "నమ్ముతున్నాను. ఇక్కడే ఉండు, నేను వచ్చేదాకా ఎక్కడికీ వెళ్ళకు" అని లేచింది.

* * *

వర్క్‌షాప్‌లో ఆయుధాల గది తలుపు తీసే ఉంది. లోపల కోదండరామ్ మఫ్లర్ చుట్టుకుని నిలబడి, గోడకున్న ఆయుధాలకు తన ఫోన్‌తో ఫోటోలు తీస్తున్నాడు. ఒకప్పుడు వరంగల్‌లో సీఐ. ఇప్పుడు బ్రాంప్టన్‌లో ఉంటూ, పాండురంగ ఆయుధాలకు బీమా చేసిన కంపెనీ తరఫున విచారణలు చేస్తుంటాడు. పై అధికారి చెవిలో ధాత్రి పేరు వేసింది ఇతనేనని షెర్లీకి తెలుసు.

"సాయంత్రానికి అరెస్టన్నరు కదమ్మా. ఇంకా ఇక్కడ ఏం వెతుకుతున్నరు?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"మిమ్మల్ని లోపలికి ఎవరు రానిచ్చారు కోదండరామ్ గారూ?"

"మీ సారే. ఏమనుకోకండి, ఇరవై ఏండ్లు ఇదే పని చేసిన. ఇది అంత పెద్ద చిక్కుముడి కాదు. పిల్ల తండ్రితోపాటే లోపలికి పోయింది. కెమెరాకు కనబడకుండ పక్కకు నిలబడింది. ఎనక నుంచి పొడిచి, ఆయుధం పట్టుకొని బయటికి పోయింది. ఫోన్ రాంగనే ఏడ్చుకుంట మళ్ళీ వచ్చింది."

"ఏ ఆయుధం?"

"గోడకు ఇన్నున్నయి!"

"ల్యాబ్‌వాళ్ళు అన్నీ చూశారు. దేనిమీదా రక్తం లేదు." షెర్లీ నేలమీద టేపు గుర్తు ఉన్నచోటికి నడిచింది. పాండురంగ నిలబడిన చోటు అది. ముందు బల్ల, దానిమీద లాప్‌టాప్ ఉన్నచోట గీసిన చతురస్రం. వెనక ఆయుధాల గోడ. "ఇటు రండి. ఆ గోడకు, నాకు మధ్య నిలబడి, గోడమీది హాల్బర్డ్ ఒకటి తీసి నన్ను పొడవండి చూద్దాం."

కోదండరామ్ నవ్వబోయి ఆగాడు. హాల్బర్డ్ మనిషికన్నా మూరెడు ఎత్తు ఉంది. మొన ఆమె వైపు తిప్పితే కర్ర చివర గోడకు తగిలి ఆగిపోతుంది. ఇక వెనక్కి లాగి పొడిచేదెక్కడ? పైకెత్తితే కప్పు తగులుతుంది.

"అయితే చిన్నది ఏదో అయ్యుంటది. ఉలి, స్క్రూడ్రైవర్..."

"గుండె దాటి ముందు ఎముకకు తగిలేంత పొడవైన ఉలా?"

"మీరెన్నైనా చెప్పండి, గదిల ఇంకో మనిషి ఉన్నడు. నీడ కదిలిందని వంశీధర్ గారే చెప్పిండు."

షెర్లీ అతనివైపు తిరిగింది. "ఎప్పుడు చెప్పారు?"

"పొద్దున, ఫోన్ చేస్తే."

"నాకిచ్చిన స్టేట్‌మెంట్‌లో నీడ లేదు. కాలు మెలిక పడిందన్నారు అంతే."

"పాపం, స్నేహితుని బిడ్డను ఇరికించుడు ఇష్టం లేక దాచిపెట్టిండు."

"గాయం వీపులో ఉందని, నాలుగు పలకలని ఆయనకు ఎవరు చెప్పారు?"

కోదండరామ్ మఫ్లర్ సర్దుకున్నాడు. "మాటల్ల వచ్చింది."

"మీ మాటల్లో. అంటే ముందు మీరు గాయం సంగతి చెప్పారు, తర్వాత ఆయనకు నీడ గుర్తొచ్చింది." కోపం రావాల్సిన చోట షెర్లీకి నీరసం వచ్చింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "ఇరవై ఏళ్ళు సీఐగా చేశానన్నారు. సాక్షికి మీరే మాటలు అందించారు కోదండరామ్ గారూ. అది పట్టుకుని అక్కడ ఒక పిల్లని జైల్లో వేస్తారు."

అతని ముఖం ఎర్రబడింది. "మీకా పిల్ల మీద జాలి. మీ మతంవాళ్ళకు జాలి ఎక్కువ."

"మా మతం సంగతి నా డ్యూటీ అయ్యాక మాట్లాడుకుందాం."

ఆమె టార్చ్ తీసి వెనక గోడ దగ్గరకు వెళ్ళింది. వరసగా వేలాడుతున్న కర్రల మధ్య, ఛాతీ ఎత్తులో పిడికిలి పట్టేంత రంధ్రం ఒకటి ఉంది. ఒకప్పుడు గాలి గొట్టాలు పోవడానికి వేసింది. ల్యాబ్‌వాళ్ళు దానికీ ఫోటో తీశారు. చేయి పట్టే రంధ్రంలోంచి మనిషి ఎలా వస్తాడని వదిలేశారు. ఆమె కూడా మొన్న చూసి వదిలేసింది.

రంధ్రం కింది అంచున వెలుతురు పడగానే తడిగా మెరిసింది. అక్కడ సన్నటి చెక్క పీచు రెండుమూడు చోట్ల అతుక్కుని ఉంది. ముక్కు పట్టేసి ఏ వాసనా తెలియడం లేదు.

"ఒకసారి వాసన చూసి చెప్పండి."

కోదండరామ్ అయిష్టంగానే వంగాడు. "అవిసె నూనె. ఈ కర్రలకు రాసేదే కదా."

"కర్రలకు రాస్తారు. గోడ రంధ్రానికి ఎవరు రాస్తారు?" ఆమె రంధ్రంలోకి టార్చ్ వేసింది. అవతల ఇనుప పలక అడ్డంగా ఉంది. "ఆ వైపు ఏముంది?"

"హాలు. ఆదివారాలు పాత ఆయుధాల క్లబ్బోళ్ళు డ్రిల్ చేస్తరు. పాతకాలం సిపాయిల లెక్క బట్టలేసుకొని." అతను చెప్పడం ఆపాడు. తర్వాతి మాట ఇద్దరికీ తెలుసు. ఆ డ్రిల్ నేర్పేది వంశీధర్. హాలు తాళం అతని దగ్గరే ఉంటుంది.

* * *

హాలు పొడవుగా, చల్లగా ఉంది. ఒక పక్క గోడ పొడవునా కొక్కేలమీద పైక్‌లు పడుకోబెట్టి ఉన్నాయి. పైక్ అంటే ఈటె లాంటిదే. తల చాలా చిన్నది, కర్ర మాత్రం ముగ్గురు మనుషుల పొడవు. గుర్రం మీద వచ్చేవాడు దగ్గరికి రాకముందే ఆపడానికి చేసిన ఆయుధం. డ్రిల్‌కు వాడే పైక్‌ల చివర రబ్బరు తొడుగులున్నాయి. అన్నిటికన్నా పైన ఉన్నదానికి మాత్రం అసలైన ఇనుప మొన ఉంది. అది పాండురంగదే. ఆయన గదిలో పట్టక ఇక్కడ పెట్టుకున్నాడు.

షెర్లీ దాన్ని తాకలేదు. టార్చ్ వేసి చూసింది. నాలుగు పలకల మొన. మిగతా పైక్‌ల మీద దుమ్ము పేరుకుని ఉంది. దీన్ని మాత్రం ఎవరో తుడిచి పెట్టారు.

గోడకున్న ఇనుప పలక స్క్రూల మీద రంగు కొత్తగా పెచ్చులూడింది. ఆమె కోదండరామ్‌తో వాటిని విప్పించి పలక పక్కకు తీసింది. రంధ్రంలోంచి గది వెలుతురు కనిపించింది.

"మీరు వెళ్ళి ఆ టేపు గుర్తు మీద నిలబడండి. రంధ్రానికి వీపు పెట్టి."

"నేనా?"

"రబ్బరు మొనతోనే లెండి."

అతను గొణుక్కుంటూ వెళ్ళాడు. ఆమె ఒక డ్రిల్ పైక్ దించి, మోకాలు కలుక్కుమంటుంటే పళ్ళు బిగించి, మొన రంధ్రంలోకి దూర్చింది. కర్ర బరువంతా రంధ్రం అంచుమీద ఆనింది. అంత పొడవైనదీ ఊగకుండా నిలిచింది. ముందుకు నెట్టింది. అవతల దేనికో తగిలి ఠంగుమంది.

"హాల్బర్డ్‌కు తగిలింది!" అని అరిచాడు కోదండరామ్ గోడ అవతల నుంచి. "చూడకుండ ఎట్ల పొడుస్తరమ్మా? కర్ర దూరిస్తే రంధ్రంలకెల్లి ఏం కనబడదు!"

నిజమే. కర్ర పెట్టగానే రంధ్రం మూసుకుపోతోంది. మళ్ళీ నెట్టింది, మళ్ళీ తప్పింది. కర్ర ఆపి ఆలోచించింది. అవతల నిలబడ్డవాడు ఎక్కడున్నాడో, ఎటు తిరిగాడో తెలిస్తే గానీ ఇది కుదరదు. తెలియాలంటే గదిలో ఒక కన్ను ఉండాలి.

కన్ను ఉంది కదా.

షెర్లీ పైక్‌ను అలాగే ఆనించి ఫోన్ తీసింది. "కోదండరామ్ గారూ, మీ ఫోన్‌ను బల్లమీద లాప్‌టాప్ ఉన్నచోట నిలబెట్టండి. వీడియో కాల్ చేస్తున్నాను, ఎత్తండి."

ఆమె తన ఫోన్‌ను గోడకున్న స్విచ్ బాక్సు మీద కళ్ళ ఎదురుగా పెట్టుకుంది. తెరమీద కోదండరామ్ ముఖం, అతని భుజం వెనక రంధ్రం, రంధ్రంలోంచి బయటికొచ్చిన రబ్బరు మొన, అన్నీ స్పష్టంగా కనిపించాయి.

"కొంచెం ఎడమకు జరగండి. ఇంకొంచెం. వెలుతురు సరిగ్గా పడటం లేదు."

అతను జరిగాడు. చెప్పినచోటికల్లా జరిగాడు.

ఆమె నెట్టింది. తెరమీద మొన నిదానంగా వచ్చి అతని వీపుమీద ఆనింది. కోదండరామ్ కెవ్వుమని ముందుకు గెంతాడు. బల్లమీద ఫోన్ పడిపోయి తెర నల్లబడింది.

కాసేపటికి అతను హాల్లోకి వచ్చాడు. నుదురు తడిసి ఉంది.

"వంశీధర్ ఆయన్ను ఆ పార్టిజన్ దించమన్నడు. ముందుకు తీసుకురమ్మన్నడు. అక్కడ నిలబెట్టిండు," అన్నాడు చివరకు. "మాట్లాడుకుంటనే."

"పార్టిజన్ ఆయన చేతిలో ఉంటే ప్రమాదం అనుకుంటారని."

"కానీ మేడమ్," అన్నాడు. ఇంతసేపటికి మొదటిసారి 'అమ్మా' మానేశాడు. "ఆయన ఇంట్ల ఉన్ననని అంటడు. ఇక్కడున్నడని ఎట్ల చూపిస్తరు?"

అప్పుడే కప్పు కింద వేలాడుతున్న పెద్ద గ్యాస్ హీటర్ మేలుకుంది. మొదట దబ్బుమని ఒక దెబ్బ, తర్వాత గొలుసు ఈడ్చినట్టు గరగర, మళ్ళీ దబ్బుమంది. షెర్లీ తల ఎత్తి దానివైపు చూసింది. ఫోన్‌లో దాచుకున్న 911 రికార్డింగు పెట్టింది. వంశీధర్ గొంతు రొప్పుతూ చిరునామా చెబుతోంది. లైను బాగాలేక వచ్చిందనుకున్న చప్పుడు ఆ గొంతు వెనక ఉంది. దబ్బుమని ఒక దెబ్బ, గరగర, మళ్ళీ దబ్బు.

కోదండరామ్ హీటర్‌ను, ఫోన్‌ను మార్చి మార్చి చూసి, పక్కనున్న బెంచీమీద కూలబడ్డాడు.

షెర్లీ స్టేషన్‌కు ఫోన్ చేసింది. "ధాత్రిని అక్కడే కూర్చోబెట్టండి. ఎవరినీ కలవనివ్వద్దు."

"ఆమె వెళ్ళిపోయింది సార్జెంట్. మనం అరెస్టు చేయలేదు కాబట్టి ఆపలేకపోయాను," అన్నాడు డ్యూటీలో ఉన్నవాడు. "వాళ్ళ అంకుల్ అట, వచ్చి తీసుకెళ్ళాడు."

ఫోన్ పెట్టేసేసరికి కోదండరామ్ ముఖం పాలిపోయి ఉంది. "మేడమ్, పొద్దున ఆయన ఇంకోటి అడిగిండు. ఇనుము టెస్ట్ చేసిన సంగతి ఆ పిల్లకు ఏమన్న తెలుసా అని. నాకు తెల్వదన్న. ఎందుకడిగిండో అప్పుడు అర్థం కాలే."

షెర్లీకి అర్థమైంది. ఆ హాల్బర్డ్ నకిలీదని పాండురంగ ఇద్దరికే చెప్పాడు. ఒకటి అమ్మినవాడికి, రెండు కూతురికి.

ఆమె ధాత్రి నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక హైవే హోరు.

"ఎక్కడున్నావు ధాత్రీ?"

"హైవే ఫోర్ ఓ వన్ మీద మేడమ్. టిల్బరీ దాటాం. వంశీ అంకుల్ చాథమ్‌లో తెలిసిన లాయర్ దగ్గరికి తీసుకెళ్తున్నారు. టెస్టర్ కూడా తెచ్చుకోమన్నారు, లాయర్‌కి చూపించాలని. సారీ, మీరు ఉండమన్నారు, బట్..."

"స్పీకర్‌లోనే ఉన్నారు మేడమ్," అంది వంశీధర్ గొంతు, మర్యాదగా. "పిల్ల భయపడిపోతోంది. అందుకే."

టిల్బరీ దాటితే రోడ్డుకు రెండువైపులా మంచు కప్పిన పొలాలే. షెర్లీ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కారు ఆపమని ఊరికే చెబితే అతనికి తెలిసిపోతుంది. వెంటపడితే ఏం చేస్తాడో తెలియదు. అతనంతట అతనే సంతోషంగా ఆపాలి. ఇప్పుడతను కోరుకుంటున్నది ఒక్కటే ఉంది.

ఆమె కోదండరామ్‌కు అతని ఫోన్ చూపించి, 911కు ఫోన్ చేయమన్నట్టు సైగ చేసింది. అతను వెంటనే హాలు చివరకు పరుగెత్తాడు. అంత వేగంగా కదలగలడని ఆమె అనుకోలేదు.

"వంశీధర్ గారూ, మీరుండటం మంచిదైంది," అంది షెర్లీ. గొంతులో అలసట తెచ్చిపెట్టుకోవాల్సిన అవసరం లేకపోయింది. "ధాత్రీ, విను. నీ మీద అరెస్ట్ వారంట్ వచ్చింది. మీ నాన్నను చంపింది నువ్వేనని మావాళ్ళు తేల్చారు. నేను చేయగలిగింది ఇంకేమీ లేదు."

అవతల హోరు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత, చాలా చిన్నగా, "నమ్ముతున్నానన్నారు కదా" అంది ధాత్రి.

షెర్లీ జవాబు చెప్పలేదు. చెప్పకూడదు. పిల్ల ఏడుపు మొదలైంది. వెక్కిళ్ళ మధ్య "నో, నో" అని మాత్రం తెలుస్తోంది.

"వంశీధర్ గారూ, దారిలో ఉండగానే ఆమె పారిపోయిందంటే మీ మీదకూ వస్తుంది. కారు పక్కకు ఆపండి. హైవే పోలీసులు వచ్చి ఆమెను తీసుకుంటారు. మీరు స్టేట్‌మెంట్ ఇచ్చి వెళ్ళిపోవచ్చు."

అతను ఆలోచిస్తున్నాడు.

"ఇలా అవుతుందనుకోలేదు మేడమ్," అన్నాడు వంశీధర్. ఆ గొంతులో బాధ ఉంది, దాని అడుగున బరువు దిగిన ఊరట కూడా ఉంది. "కానీ చట్టం చట్టమే కదా. ఆపుతున్నాను."

ఇండికేటర్ టిక్కు టిక్కుమంది. టైర్ల కింద కంకర నలిగింది. షెర్లీ ఆ ఏడుపు వింటూ నిలబడింది. వినడం తప్ప చేసేదేమీ లేదు. హాలు చివర కోదండరామ్ వచ్చీరాని ఇంగ్లీషులో వంశీధర్ పేరు, కారు ఎక్కడుందో, ఎవరిని ముందు పట్టుకోవాలో గొంతు తగ్గించి చెబుతున్నాడు.

చాలాసేపటికి కారు అద్దంమీద ఎవరో తట్టిన చప్పుడు.

"ఇక్కడే ఉంది ఆఫీసర్, వెనక సీట్లో," అన్నాడు వంశీధర్ ఉత్సాహంగా.

"సార్, మీరు దిగండి. చేతులు కనబడేలా." ఆ గొంతు ఇంకోసారి, ఈసారి కటువుగా అంది. "మీరే సార్. డ్రైవర్."

పెనుగులాట. తలుపు దడేలుమంది. ఎవరో ఫోన్ చేతిలోకి తీసుకున్నారు.

"సార్జెంట్, అతను మా దగ్గరున్నాడు. అమ్మాయికి ఏమీ కాలేదు."

"ఫోన్ ఆమెకివ్వండి," అంది షెర్లీ. ధాత్రికి ఏం చెప్పాలో ఇంకా తోచలేదు. ముందు క్షమించమని అడగాలి.

"ఇస్తాను. ఒక్క నిమిషం." ఆఫీసర్ గొంతు కాస్త దూరం జరిగి మళ్ళీ వచ్చింది. "డ్రైవర్ సీటు పక్కన దుప్పటి కింద ఏదో ఉంది. గొడ్డలిలా ఉంది, కానీ పైన మొన, వెనక కొక్కెం కూడా ఉన్నాయి. కర్రను మూరెడు పొడవుంచి కోసేశారు. కారులో పట్టాలని కాబోలు. కోసినచోట రంపపు పొట్టు ఇంకా తాజాగా అంటుకుని ఉంది."